వేంపల్లి రాళ్ల మీద పనిచేసి విదేశీ పీహెచ్‌డీకి దరఖాస్తు: 38 మెయిళ్లు పంపినా, ఒక్క జవాబూ రాలేదు

పెన్నాతీరం | 11 ఆగస్టు 2024, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. రాయలసీమలో ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జియాలజీ రెండో ఏడాది చదువుతున్నా. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాయన నాపరాళ్ల గనిలో మేస్త్రీ. చిన్నప్పుడు నాయనకు సద్ది ఎత్తుకొని పోయినప్పుడల్లా, పలకలు పలకలుగా లేచొచ్చే ఆ రాయి ఎట్ల పుట్టిందని అడిగేదాన్ని. ఎవరూ చెప్పలేకపోయినారు. అందుకే ఈ సబ్జెక్టు తీసుకున్నా. వేరే సీటు రాక తీసుకున్నది కాదు.

2025 ఫాల్‌కి (ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే సెమిస్టరుకి) అమెరికాలో పీహెచ్‌డీకి పోవాలని ఉంది. జులై నుంచి ఇప్పటికి 38 మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టినా. ఒక్కరు కూడా జవాబియ్యలేదు. బీఎస్సీలో 81 శాతం, ఎమ్మెస్సీ మొదటి ఏడాది 78. టోఫెల్ ఇంకా రాయలేదు. జీఆర్ఈ రాయాల్నా వద్దా తెలీదు. ఇంట్లో డబ్బు పెట్టే స్థోమత లేదు, ఫండింగ్ వస్తేనే పోగలను. మన యూనివర్సిటీ పేరు చూస్తే మెయిల్ తెరవను కూడా తెరవరని క్లాసులో అంటాండారు. నిజమేనా? తెలిసినోళ్లు చెప్పండి.

ఖోండలైట్ | 12 ఆగస్టు 2024, ఉదయం 6:15

చెల్లీ, నేను విశాఖలో ఎమ్మెస్సీ చేసి ఇక్కడ అమెరికాలో జియోకెమిస్ట్రీ పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను. మా ల్యాబ్‌లో నాతోపాటు ఉన్నవాళ్లలో ఇద్దరు, మా ప్రొఫెసర్ అంతకుముందు పేరు కూడా వినని కాలేజీల నుంచి వచ్చారు. కాబట్టి ఆ మాట మనసులోంచి తీసెయ్.

ఎర్త్ సైన్సెస్ పీహెచ్‌డీ అడ్మిషన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ అడ్మిషన్ లాంటిది కాదు. మన సబ్జెక్టులో, ఇక్కడ చాలా విభాగాల్లో జరిగేది ఇది: ఒక ప్రొఫెసర్ దగ్గర ప్రాజెక్టు ఉంటుంది, లేదా విభాగం ఆయనకు ఒక టీచింగ్ అసిస్టెంట్ సీటు ఇస్తుంది. ఆయనకు కావలసింది ఒకే ఒక్క విద్యార్థి. ఐదేళ్లు కలిసి పనిచేయాల్సిన మనిషి. ఆయన సరే అనకపోతే కమిటీ దగ్గర నీ ఫైలు గురించి మాట్లాడేవాళ్లు ఉండరు. మంచి మార్కులున్న ఫైళ్లు కూడా అలాగే ఆగిపోతాయి. అందుకే డిసెంబరులో కట్టే అప్లికేషన్ ఫీజు కన్నా ఇప్పుడు పంపే మెయిల్ ముఖ్యం.

నువ్వు పంపిన మెయిల్ ఇక్కడ పెట్టు. పేర్లు తీసేసి, తెలుగులో సారాంశం రాసినా చాలు.

పెన్నాతీరం | 12 ఆగస్టు 2024, సాయంత్రం 7:30

అన్నా, ఇదీ మెయిల్. అందరికీ ఇదే పంపినా, పేరు మాత్రం మార్చి.

"గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ ప్రొఫైల్ చూసి ఎంతో స్ఫూర్తి పొందాను. భూమి గురించి తెలుసుకోవాలని నాకు చిన్నప్పటి నుంచి మక్కువ. సెడిమెంటాలజీ, జియోకెమిస్ట్రీ, రిమోట్ సెన్సింగ్, హైడ్రోజియాలజీ, జీఐఎస్‌లలో ఆసక్తి ఉంది. మీ దగ్గర ఏ అంశం ఇచ్చినా కష్టపడి చేస్తాను. నా వివరాలు జతచేశాను. దయచేసి అవకాశం ఇవ్వగలరు."

ఖోండలైట్ | 13 ఆగస్టు 2024, ఉదయం 5:50

"ఏ అంశం ఇచ్చినా చేస్తాను" అన్న వాక్యం నిన్ను దెబ్బతీసింది. మన దగ్గర అది వినయం. గురువు ఏది చెప్తే అది చేస్తానంటే ముచ్చటపడతారు. ఇక్కడ చదివేవాళ్లకు మాత్రం ఈ అమ్మాయి ఇంకా ఏమీ ఆలోచించుకోలేదనిపిస్తుంది. పైగా ఐదు రంగాలు రాశావు. నీళ్ల మీద పనిచేసే మనిషికి ఈ అమ్మాయి రాళ్ల మనిషనిపిస్తుంది, రాళ్ల మీద పనిచేసే మనిషికి నీళ్ల మనిషనిపిస్తుంది. నేనూ మొదట్లో ఇలాంటి మెయిళ్లే పంపాను, కాబట్టి తప్పు పట్టడానికి చెప్పట్లేదు.

ఆ మెయిల్లో లేనిది నువ్వే. నీ డిసర్టేషన్ గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకు రాయలేదు?

పెన్నాతీరం | 13 ఆగస్టు 2024, రాత్రి 9:05

రాయడానికి ఏముందన్నా. వేంపల్లి డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) పెట్రోగ్రఫీ, అంటే రాయిని మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి రాయడం. 22 థిన్ సెక్షన్లు, అంటే వెలుతురు దూరేంత పలచగా అరగదీసిన రాతి ముక్కలు. మా ల్యాబ్‌లో మైక్రోస్కోప్ తప్ప ఏమీ లేదు. ఐసోటోపులు, మైక్రోప్రోబ్ అని పెద్ద మిషన్లతో పరీక్షలు చేసినోళ్ల ముందు అది ఏం లెక్క?

సుత్తి_కాంపస్ | 14 ఆగస్టు 2024, ఉదయం 8:20

అమ్మా, నేను మ్యాపింగ్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. కడప బేసిన్‌లో, అంటే పాత సముద్రపు రాతి పొరలు పేరుకున్న ఆ ప్రాంతంలో, నాలుగు ఫీల్డ్ సీజన్లు తిరిగాను. జియలాజికల్ సర్వేలో పనిచేసిన విలియం కింగ్ 1872లోనే ఈ బేసిన్ గురించి సర్వే మెమాయిర్ రాసిపెట్టాడు. 150 ఏళ్లు దాటినా అక్కడ పని అయిపోలేదు. "వేంపల్లి డోలమైట్" అని రెండు మాటల్లో తేల్చేశావు. పులివెందుల క్వార్ట్‌జైట్ కిందనున్న ఆ రాతిలోనే తుమ్మలపల్లె యురేనియం ఉంది. డోలరైట్ సిల్ (పొరల మధ్యకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవం) తగిలిన చోట ఆ డోలమైటే మారిపోయి ఆస్‌బెస్టాస్ అయింది. ఆ పైనున్న తాడిపత్రి ఫార్మేషన్‌లోని సిల్ ఒకటి 188 కోట్ల ఏళ్ల నాటిదని డేటింగ్ చేశారు. అంటే నీ రాయి అంతకన్నా పాతది. అది చిన్న విషయం కాదు.

నేను అడిగేది ఒక్కటే. ఫీల్డులో నువ్వు ఏం చూశావు? పుస్తకంలో ఉన్నది వద్దు. నీ ఫీల్డ్‌బుక్ తీసి, ఒక్క సెక్షన్ గురించి కింది నుంచి పైకి రాయి.

పెన్నాతీరం | 15 ఆగస్టు 2024, మధ్యాహ్నం 3:40

సార్, సెలవు కాబట్టి కూర్చొని ఫీల్డ్‌బుక్ చూసి రాస్తాండా.

వేంపల్లికి పడమట ఒక వాగు. ఎండాకాలంలో గట్టు బాగా కనిపిస్తుంది. అడుగున సుమారు 4 మీటర్లు బోర్లించిన గిన్నెల మాదిరి స్ట్రోమటోలైట్లు. పైనుంచి చూస్తే గుండ్రంగా ఉన్నాయి. ఆ పైన ఒక పలచని పొర, అందులో పగిలిన చదునైన పెచ్చులు. దాని పైన మళ్లీ స్ట్రోమటోలైట్లే కానీ గుండ్రంగా లేవు, పడవల మాదిరి సాగి ఉన్నాయి. నాకు ఆశ్చర్యమనిపించి కాంపస్ పెట్టి 41 కొలతలు తీసుకున్నా. దాదాపు అన్నీ ఈశాన్యం, నైరుతి దిక్కుకే సాగి ఉన్నాయి. పైన ఒక ఊయిడ్ల (గుండ్రని సన్న సున్నపు రేణువుల) పొర. దానిపైన చెర్ట్, చెకుముకి మాదిరి గట్టి రాయి.

ఈ సాగడం సంగతి డిసర్టేషన్‌లో పెట్టలేదు. మన టాపిక్ పెట్రోగ్రఫీ కదా, అది అవసరం లేదన్నారు.

సుత్తి_కాంపస్ | 15 ఆగస్టు 2024, సాయంత్రం 5:02

అమ్మా, ఇది చదివి కుర్చీలోంచి లేచాను.

స్ట్రోమటోలైట్ అంటే సూక్ష్మజీవుల పలచని పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకొని కట్టిన ఇల్లు. నీళ్లు నెమ్మదిగా ఉంటే గుండ్రంగా పెరుగుతుంది. అల గానీ ప్రవాహం గానీ ఒకే దిక్కున వచ్చిపోతుంటే ఆ దిక్కుకే సాగుతుంది. అంటే నీ 41 కొలతలు దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల కిందటి సముద్రంలో నీళ్లు ఎటు కదిలాయో చెబుతుండవచ్చు. మధ్యలో ఆ పగిలిన పెచ్చుల పొర ఎందుకొచ్చింది? తుపానా? నీటిమట్టం తగ్గి అడుగు ఎండిందా? ఇది ప్రశ్న. నీ సొంత ప్రశ్న. 38 మెయిళ్లలో ఒక్కదాంట్లోనూ ఇది లేదు.

నీ కళ్లు మంచివి. ఎవరూ చెప్పకుండా కాంపస్ తీశావు చూడు, అది ఎవరూ నేర్పలేరు.

ఖోండలైట్ | 16 ఆగస్టు 2024, ఉదయం 6:30

సార్ చెప్పిందే నా మాట కూడా. చెల్లీ, ఇప్పుడు ఆ 38 మందినీ మర్చిపో. స్ట్రోమటోలైట్లు, పాత కార్బనేట్లు (సున్నపురాయి, డోలమైట్ లాంటి రాళ్లు), ప్రీకేంబ్రియన్ (54 కోట్ల ఏళ్ల కన్నా పాత) సముద్రాల మీద పనిచేసేవాళ్లను ఒక పదిమందిని వెతుకు. ప్రతి ఒక్కరివీ గత మూడేళ్ల పేపర్లలో కనీసం రెండు చదువు. సారాంశంతో సరిపెట్టకు, పద్ధతులు, చర్చ భాగం దాకా చదువు. వాళ్ల వెబ్‌పేజీలో కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారో లేదో కూడా రాస్తుంటారు. తీసుకోవట్లేదని రాసినవాళ్లకు పంపి బాధపడొద్దు.

మెయిల్ ఒక స్క్రీన్ దాటకూడదు. మొదటి వాక్యంలో నువ్వెవరో చెప్పు. రెండో వాక్యంలోనే వాగు గట్టులోకి దిగు. ఏం చూశావు, ఎన్ని కొలతలు, నీకు తేలనిది ఏమిటి. ఆయన పేపర్లో ఏ విషయం దీనికి తగులుతుందో ఒక వాక్యం. 2025 ఫాల్‌కి విద్యార్థిని తీసుకుంటారా అని సూటిగా అడుగు. ఫొటో ఒకటి జతచెయ్, పక్కన స్కేలు గానీ సుత్తి గానీ ఉండాలి. ఇక్కడ క్లాసులు మొదలయ్యాక, సెప్టెంబరులో మంగళ, బుధవారాల్లో వాళ్ల టైము ప్రకారం ఉదయం పంపు. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి, మర్యాదగా గుర్తు చెయ్. రెండోసారి వద్దు.

జీఆర్ఈ సంగతి: చాలా జియోసైన్స్ విభాగాలు ఇప్పుడు అడగట్లేదు. నీ పదిమంది లిస్టు తేలాక, ఆ విభాగాల పేజీల్లో చూసి, ఎవరూ అడగకపోతే ఆ డబ్బు మిగుల్చుకో. టోఫెల్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది, అక్టోబరులో రాసెయ్.

గుట్టలరాజు | 16 ఆగస్టు 2024, రాత్రి 11:10

చెల్లె, నేను హైదరాబాద్‌ల ఎన్‌జీఆర్‌ఐల (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థల) జేఆర్ఎఫ్ మీద, అంటే పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ మీద, పీహెచ్‌డీ చేస్తున్న, సీస్మాలజీ (భూకంపాల చదువు). అమెరికాకు పోవద్దని చెప్తలేను. కానీ ఒక్క తలుపు మీదనే చెయ్యి పెట్టి నిలబడకు. డిసెంబరు సీఎస్ఐఆర్ నెట్‌కి తప్పకుండ పెట్టుకో, ఆ జేఆర్ఎఫ్ ఇచ్చే పరీక్ష అదే. ఎమ్మెస్సీ చివరి ఏడాదిల ఉన్నోళ్లు కూడ రాయొచ్చు. మన పేపరు పేరు భూమి, వాతావరణ, సముద్ర, గ్రహ శాస్త్రాలు. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. మొత్తం 200 మార్కులల్ల 100 పార్ట్ సి కే ఉంటయి. అక్కడ లోతుగ అడుగుతరు, కానీ అన్ని ప్రశ్నలు చేయనక్కర్లేదు. నీ సెడిమెంటాలజీ, స్ట్రక్చర్, పెట్రాలజీ గట్టిగ ఉంటే చాలు. గేట్ కూడ రాయి, ఆ స్కోరు మూడేళ్లు నడుస్తది.

మన దగ్గర చేసే పీహెచ్‌డీ తక్కువదన్న మాట ఎవరన్న అంటే నమ్మకు. నీ రాయి ఇక్కడనే ఉంది. బస్సెక్కితే తెల్లారేసరికి వాగుల ఉంటవు.

పెన్నాతీరం | 18 ఆగస్టు 2024, రాత్రి 8:15

అన్నా, నెట్‌కి కూడా పెట్టుకుంటా. ఇన్నాళ్లూ అది అమెరికా రానోళ్లు రాసే పరీక్ష అనుకున్నా, తప్పే.

ఇంకో కష్టం చెప్తా. సిఫార్సు లేఖలు మూడు కావాల్నంట. గైడ్ సార్‌ని అడిగితే 'నువ్వే రాసుకొని తీసుకురా, సంతకం పెడతా' అన్నారు. ఆయన మంచోరే. 14 మందికి గైడ్, టైము లేదు. కానీ నా గురించి నేనే ఎట్ల రాసుకోను? అది తప్పు కాదా?

మేష్టారు_తిరుపతి | 19 ఆగస్టు 2024, ఉదయం 7:45

అమ్మాయ్, నేను డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్తాను, ఏడాదికి పదైనా లేఖలు రాస్తాను. నువ్వు రాసుకోవద్దు. అది తప్పు, పైగా పట్టుబడుతుంది. ముగ్గురి పేరు మీద వచ్చిన లేఖల్లో ఒకే మాటతీరు ఉంటే చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

సార్‌కి పని తగ్గించు, నిజం మాత్రం ఆయన్నే రాయనివ్వు. ఒక పేజీలో వివరాలు ఇవ్వు: ఏ తేదీల్లో ఫీల్డుకి వెళ్లాం, ఏ వాగు, ఎన్ని సెక్షన్లు నువ్వే కోసి అరగదీశావు, ఆయన ఎక్కడ మెచ్చుకున్నారు, ఎక్కడ తప్పు పట్టారు, దాన్ని ఎలా దిద్దుకున్నావు. పొగడ్త ఒక్కటి కూడా పెట్టకు. ఎదురుగా కూర్చొని, సార్ ఇది చూసి మీకు గుర్తున్నది రాయండి అని అడుగు. ఆ పేజీ చూస్తే ఆయనకి నువ్వు గుర్తొస్తావు. 14 మందిలో ఒకరిగా కాకుండా నువ్వుగా గుర్తొస్తావు. ఇదే మా ఇబ్బంది తల్లీ, పిల్లలు మంచివాళ్లే, వివరం చేతిలో లేక "క్రమశిక్షణ గల విద్యార్థిని" అని రాసేస్తాం. ఆ లేఖ ఎవరికీ పనికిరాదు.

లేఖ పెట్టే లింకు సార్ మెయిల్‌కే నేరుగా వస్తుంది. యూనివర్సిటీ ఇచ్చిన అధికారిక మెయిల్ ఐడీ అడిగి అదే పెట్టు. దరఖాస్తులో లేఖ చూసే హక్కు వదులుకుంటారా అని అడుగుతారు. వదులుకుంటానని టిక్ పెట్టు, అప్పుడే ఆ లేఖకు విలువ.

సింగరేణి_కుర్రాడు | 19 ఆగస్టు 2024, రాత్రి 9:00

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను బీటెక్ మైనింగ్, కొత్తగూడెం. జియాలజీ పీహెచ్‌డీకి నాలాంటోళ్లను తీసుకుంటరా?

ఖోండలైట్ | 20 ఆగస్టు 2024, ఉదయం 6:05

తీసుకుంటారు తమ్ముడూ. రాక్ మెకానిక్స్, భూగర్భ జలాలు, జియోఫిజిక్స్ వైపు ఇంజినీరింగ్ వాళ్లు చాలామంది ఉన్నారు. లెక్కలు, ప్రోగ్రామింగ్ నీకు బలం. మినరాలజీ, స్ట్రాటిగ్రఫీ లేవన్న లోటు వచ్చాక ఒకటి రెండు కోర్సులతో పూడుస్తారు. వేరే చర్చ తెరువు, వివరంగా మాట్లాడదాం. ఇక్కడ ఈ అమ్మాయి చర్చ మధ్యలో తెగకూడదు.

గోదావరిగట్టు | 21 ఆగస్టు 2024, మధ్యాహ్నం 1:25

చెల్లాయ్, నేను జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నానండి. అమెరికా ఒక్కటే కాదు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. ఇక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్లకు సెమిస్టరుకి 1,500 యూరోలు. ఫ్రైబర్గ్‌లోని మైనింగ్ అకాడమీ 1765లో మొదలైంది, ఖనిజాల చదువుకి పాత ఊరు. కానీ మాస్టర్స్ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి కొంతే తీసుకోగలిగే ఖాతాలో) ఏడాది ఖర్చు ముందే చూపించాలి, వచ్చే నెల నుంచి అది 11,904 యూరోలు. మన డిగ్రీ కాగితాలు అసలైనవేనని చూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి. మీ నాన్నగారి మీద ఆ బరువు వద్దనుకుంటే, ఇక్కడి పీహెచ్‌డీ చూడండి. అది చాలావరకు ఉద్యోగం లాంటిది, జీతం ఇస్తారు. ఎక్కువగా ప్రకటన పడినప్పుడు అప్లై చేయాలి.

ఇంకో మాట, ఆడపిల్లగా. ఫీల్డు గురించి ఇంట్లో ఏమంటున్నారు? మా ఇంట్లో మూడేళ్లు పోట్లాట. ఫీల్డు లేకపోతే ఈ సబ్జెక్టే లేదు కదండీ.

పెన్నాతీరం | 21 ఆగస్టు 2024, రాత్రి 10:20

అక్కా, మొదటిసారి వాగుకి పోయినప్పుడు నాయన ఒక రోజు కూలి వదులుకొని నాతో వచ్చినాడు. నేను కొలతలు తీస్తాంటే గట్టు మీద కూచొని చూసినాడు. సాయంత్రం ఇంటికొచ్చినాక అమ్మతో, 'అది రాయితో మాట్లాడతాంది, పోనీలే' అన్నాడు. ఆ పొద్దు నుంచి ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పలేదు.

ఖోండలైట్ | 22 ఆగస్టు 2024, ఉదయం 5:40

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో (ఎందుకు చదవాలనుకుంటున్నావో దరఖాస్తుతో రాసిచ్చే వ్యాసంలో) మొదటి పేరా నువ్వు పైన రాసిన మాటే. ఒక్క అక్షరం ఎక్కువ వద్దు. మక్కువ, స్ఫూర్తి లాంటి మాటలు కలపొద్దు. దాని వెంటనే 41 కొలతలు.

---

పెన్నాతీరం | 3 అక్టోబరు 2024, ఉదయం 9:12

జవాబు వచ్చింది!!! సెప్టెంబరు 10 నుంచి 11 మందికి కొత్త మెయిల్ పంపినా. నలుగురు జవాబిచ్చినారు. ఇద్దరు ఈ ఏడు తీసుకోవడం లేదన్నారు, కానీ ఎంత మర్యాదగా రాసినారో. ఒకాయన మా విభాగానికి అప్లై చెయ్, ఫైలు చూస్తా అన్నారు. ఒకామె మాత్రం పెద్ద మెయిల్ రాసినారు. ఫొటో చూసి ఏడు ప్రశ్నలు అడిగినారు. ఊయిడ్ల పొర ఎన్ని మీటర్ల పైన, పెచ్చుల అంచులు గుండ్రంగా ఉన్నాయా పదునుగా ఉన్నాయా అని. వచ్చే వారం జూమ్‌లో మాట్లాడదామన్నారు. చేతులు వణుకుతాండాయి.

సుత్తి_కాంపస్ | 3 అక్టోబరు 2024, ఉదయం 9:50

వణకనీ. ఏడు ప్రశ్నల్లో తెలిసినవాటికి జవాబు రాయి, తెలియనివాటికి "చూడలేదు, మళ్లీ వెళ్లినప్పుడు చూస్తాను" అని రాయి. చూడనిది చూశానని మాత్రం ఎప్పుడూ రాయకు. ఒక సంగతి ఆమె తప్పక అడుగుతారు: ఆ స్ట్రోమటోలైట్లు పెరిగేటప్పుడే సాగాయా, తర్వాత రాయి మొత్తం నొక్కుకుపోయి సాగినట్టు కనిపిస్తున్నాయా? దానికి జవాబు నీ దగ్గరే ఉంది. ఎక్కడుందో ఆలోచించు.

పెన్నాతీరం | 3 అక్టోబరు 2024, రాత్రి 11:58

సార్! ఊయిడ్లు! థిన్ సెక్షన్‌లో అవి గుండ్రంగా ఉన్నాయి. రాయి నొక్కుకొని ఉంటే అవి కూడా కోడిగుడ్డు మాదిరి సాగాలి కదా. ఇప్పుడే ల్యాబ్ ఫొటోలు తీసి 60 ఊయిడ్లు కొలిచినా. గుండ్రంగానే ఉన్నాయి.

గైడ్ సార్ పట్టుబట్టి ఆ సెక్షన్లు కోయించకపోతే నా దగ్గర ఈ జవాబు లేదు. రేపు పొయ్యి ఆయనకి చెప్తా.

సుత్తి_కాంపస్ | 4 అక్టోబరు 2024, ఉదయం 6:10

తప్పక చెప్పు. ఒక సంగతి గుర్తుంచుకో, ఒకే దిక్కున కోసిన సెక్షన్ సరిపోదు. ఒకదానికొకటి అడ్డంగా ఉండే రెండు దిక్కుల్లో కోసి చూస్తేనే రూఢి. ఇంటర్వ్యూలో ఆ లోటు నువ్వే ముందు చెప్పు.

పెన్నాతీరం | 11 అక్టోబరు 2024, రాత్రి 10:30

45 నిమిషాలు మాట్లాడినాం. సరిగ్గా అదే ప్రశ్న అడిగినారు. ఊయిడ్ల సంగతి చెప్పి, సెక్షన్లు ఒకే దిక్కున కోసినవని కూడా చెప్పినా. ఆమె నవ్వి, 'అది చాలామంది చెప్పరు' అన్నారు. డోలమైట్‌లో కార్బన్ ఐసోటోపులు కొలిస్తే లోమగుండి (పాత సముద్రాల్లో కార్బన్ ఐసోటోపుల లెక్క బాగా మారిపోయిన కాలం) తర్వాత సముద్రం ఎట్లుండేదో తెలుస్తుందని, ముందుగా మాంగనీస్, స్ట్రాన్షియం నిష్పత్తి చూసి రాయి తర్వాతి నీళ్లతో మారిపోలేదని నిర్ధారించుకోవాలని వివరించినారు. అప్లై చెయ్యమన్నారు. ఫీజు మినహాయింపు కోసం విభాగానికి ఆమే రాస్తారంట.

గైడ్ సార్‌కి ఆ ఒక పేజీ ఇచ్చినా. చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేఖ ఆయనే రాసినారు.

మేష్టారు_తిరుపతి | 12 అక్టోబరు 2024, ఉదయం 7:00

నాకు ఈ రోజుకి ఇది చాలమ్మా.

ఖోండలైట్ | 12 అక్టోబరు 2024, ఉదయం 7:20

అప్లై చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. శాతాన్ని జీపీఏగా నువ్వే మార్చి రాయకు, మార్కుల మెమోలో ఉన్నది ఉన్నట్టు రాయి. టీఏ (టీచింగ్ అసిస్టెంట్ సీటు) ఇస్తే స్టైపెండ్ ఎంతో చూసి సంబరపడే ముందు ఆ ఊళ్లో గది అద్దె, విద్యార్థి హెల్త్ ఇన్సూరెన్స్, విభాగం వసూలు చేసే ఫీజులు తీసేసి చూసుకో. ట్యూషన్ మాఫీ అంటే ఫీజులన్నీ మాఫీ అని కాదు. నాకు మొదటి సెమిస్టరులో ఈ తేడా తెలియక తిండికి ఇబ్బందైంది.

---

పెన్నాతీరం | 9 మార్చి 2025, రాత్రి 9:45

చాలా రోజులైంది. ఇన్నాళ్లూ రాయలేకపోయినా.

ఐదు చోట్ల అప్లై చేసినా. మూడు రిజెక్ట్. జనవరిలో ఆ ప్రొఫెసర్‌ది కమిటీ ఇంటర్వ్యూ కూడా బాగా అయింది. మొన్న ఆమె ఫోన్ చేసినారు. పరిశోధన నిధుల పరిస్థితి వల్ల ఈ ఏడు వాళ్ల విభాగం సీట్లు బాగా తగ్గించిందంట. నా పేరు వెయిట్‌లిస్ట్‌లో పెట్టినారంట, కానీ ఆశ పెట్టుకోవద్దని ఆమే చెప్పినారు. ఫోన్‌లో ఆమె గొంతు కూడా బాగాలేదు. ఐదోది ఇంకా తెలీదు.

నెట్ కూడా రాసినా. ఎట్ల రాసినానో నాకే తెలీదు.

ఖోండలైట్ | 10 మార్చి 2025, ఉదయం 5:30

చెల్లీ, ఈ ఏడాది ఇక్కడ అందరి పరిస్థితీ అదే. ఫిబ్రవరి నుంచి కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలు తగ్గించాయి, కొన్ని కొన్నాళ్లు పూర్తిగా ఆపేశాయి. మా విభాగంలోనూ తగ్గాయి. ఇది నీ ఫైలు మీద వచ్చిన తీర్పు కాదు. ఒక ప్రొఫెసర్ రిజెక్షన్ చెప్పడానికి ఫోన్ చేయడం నేను ఇక్కడ ఇన్నేళ్లలో వినలేదు.

వెయిట్‌లిస్ట్ మామూలుగా ఏప్రిల్ 15 దగ్గరపడేదాకా పెద్దగా కదలదు. ఆఫర్ ఉన్నవాళ్లు అప్పటిదాకా ఆలోచించుకోవచ్చు, చాలా విశ్వవిద్యాలయాలు ఆ తేదీకి కట్టుబడతాయి. కాబట్టి అప్పటిదాకా ఏదీ ముగిసినట్టు కాదు. కానీ నిద్ర పో, తిను.

గుట్టలరాజు | 10 మార్చి 2025, రాత్రి 10:05

ఏడ్వాలనిపిస్తే ఏడ్వు చెల్లె, రెండు దినాలు. మూడోనాడు నాకు ఫోన్ చెయ్, నంబరు ప్రైవేట్ మెసేజ్‌ల పెట్టిన. కార్బనేట్ల మీద, ఐసోటోపుల మీద పనిచేసే గైడ్‌లు ఇక్కడ ఎవరున్నరో చూద్దాం. వాళ్లకి కూడ అదే మెయిల్, అదే ఫొటో. మన దేశంల గైడ్‌కి అట్ల రాయరు, నేరుగ అప్లికేషన్ పెడతరు అనుకుంటరు అందరు. అక్కడ కూడ మనిషే చదువుతడు.

పెన్నాతీరం | 27 ఏప్రిల్ 2025, సాయంత్రం 6:18

జేఆర్ఎఫ్ వచ్చింది.

నాయనకి గనిలోకి పొయ్యి చెప్పినా. అర్థం కాలేదు, నెలకి 37,000 ఇస్తారు చదువుకోడానికి అంటే అర్థమయింది. అక్కడే కూలబడి నవ్వినాడు.

వెయిట్‌లిస్ట్ కదల్లేదు. ఐదోచోట అడ్మిషన్ ఇచ్చినారు కానీ మొదటి ఏడాదికి మాత్రమే టీఏ, తర్వాతది తెలీదంట. రెండు రాత్రులు ఆలోచించి వద్దన్నా. గుట్టలరాజు అన్న చెప్పినట్టు హైదరాబాద్‌లో ఇద్దరికి రాసినా. ఒక మేడమ్ రమ్మన్నారు, పోయి కలిసినా. ఫీల్డ్‌బుక్ అడిగి గంటసేపు తిప్పి చూసినారు. ఆగస్టు సెషన్‌కి దరఖాస్తు పెట్టమన్నారు. అమెరికా ప్రొఫెసర్‌కి ఈ సంగతి రాస్తే, శాంపిళ్లు తీసి పెట్టుకో, మీ గైడ్ ఒప్పుకుంటే కలిసి చేద్దాం అని జవాబిచ్చినారు.

సార్, ఒక్కటి అడగాల. మళ్లీ వాగుకి పోవాల. ఈసారి ఎన్ని శాంపిళ్లు తేవాల?

సుత్తి_కాంపస్ | 27 ఏప్రిల్ 2025, రాత్రి 7:05

శుభం తల్లీ. చాలా సంతోషంగా ఉంది.

జూన్‌లో వానలు పడి వాగు నిండకముందే వెళ్లు. పొద్దున ఆరింటికల్లా గట్టు దగ్గర ఉండు, పదిన్నరకి చెట్టు నీడకి వచ్చెయ్, మే ఎండ కడపలో మనిషిని పడేస్తుంది. అడుగు నుంచి పైదాకా అర మీటరుకి ఒకటి చొప్పున. పొర మారిన ప్రతిచోటా అదనంగా పైనొకటి, కిందొకటి. పగుళ్లు, కాల్సైట్ నరాలు లేని తాజా రాయి మాత్రమే. ప్రతి ముక్క మీద పైవైపు బాణం, ఉత్తరం గుర్తు వేశాకే గట్టు నుంచి విడదియ్. ఊయిడ్ల పొరలో రెండు పెద్దవి తీసుకో, ఈసారి రెండు దిక్కుల్లో కోయాలి. గుడ్డ సంచుల మీద నంబరు, లోపల చీటీ మీద అదే నంబరు, ఫీల్డ్‌బుక్‌లో అదే నంబరు.

నాన్నగారిని కూడా తీసుకెళ్లు. రాయి ఎక్కడ కొడితే పలక లేస్తుందో ఆయనకి తెలిసినట్టు మనకెవరికీ తెలియదు.